చేతుల చరిత్ర – 9: బండెక్కినవాడి పేరు, బండి చేసినవాడి పేరు



2014 అక్టోబరులో కాలిఫోర్నియాలో ఒక పాత మోటారు సైకిల్‌ను వేలం పాటకు పెట్టారు. పెట్రోలు ట్యాంకు మీద అమెరికా జెండా బొమ్మ, పొడుగ్గా ముందుకు చాచిన ఫోర్కు, అద్దంలా మెరిసే క్రోమ్ పూత. 1969లో వచ్చిన ‘ఈజీ రైడర్’ సినిమాలో పీటర్ ఫోండా నడిపిన ‘కెప్టెన్ అమెరికా’ బండి ఇదేనని అమ్మేవాళ్ళు చెప్పారు. పాట 13 లక్షల 50 వేల డాలర్ల దాకా వెళ్ళింది. ఇది అసలు బండా, తర్వాత చేసిన నకలా అని అప్పుడే గొడవ కూడా లేచింది.

అసలుదో నకలో తేల్చాలంటే ఎవర్ని అడగాలి? చేసినవాళ్ళను అడగాలి. అక్కడే చిక్కు వచ్చింది. ప్రపంచంలో అందరికంటే ఎక్కువమంది గోడలకు అంటించుకున్న మోటారు సైకిల్ బొమ్మ అది. దాన్ని చేసినవాళ్ళ పేర్లు మాత్రం సినిమా టైటిల్స్‌లో లేవు. నటించినవాళ్ళు, దర్శకుడు, కెమెరామన్, పాటలు పాడినవాళ్ళు అందరూ ఉన్నారు. బండి చేసినవాళ్ళు లేరు.

పీటర్ ఫోండా ఒకసారి రేడియో ఇంటర్వ్యూలో ఈ సంగతి చెప్పాడు. బండ్లు తానే తయారుచేశానన్నాడు. పోలీసు శాఖ దగ్గర పాత బండ్లు కొన్నానన్నాడు. వాట్స్ పేటకు చెందిన ఐదుగురు నల్లవాళ్ళు సాయం చేశారన్నాడు. అంతే. ఐదుగురు. పేర్లు లేవు.

ఈ వాక్యం మనకు కొత్తది కాదు. ‘మా తాత ఈ బావి తవ్వించాడు’ అంటారు. తవ్వినవాళ్ళు ‘పేటోళ్ళు పదిమంది’. ‘మా నాన్న ఈ మేడ కట్టాడు’ అంటారు. కట్టినవాళ్ళు ‘కూలోళ్ళు’. అంకె ఉంటుంది, కులం ఉంటుంది, పేరు ఉండదు. ఈ వారం ఆ ఐదుగురి సంగతి చూద్దాం.

*

ఇవాళ మనకు గట్టిగా తెలిసిన పేర్లు రెండు. క్లిఫర్డ్ వాజ్, బెన్ హార్డీ. ఇద్దరూ నల్లజాతివాళ్ళే. బండ్ల రూపాన్ని ఆలోచించి, పని నడిపించినవాడు వాజ్. కోసి, అతికి, బిగించి బండిగా నిలబెట్టిన పెద్ద మేస్త్రీ హార్డీ. లారీ మార్కస్ అనే మెకానిక్ కూడా వాళ్ళతో పనిచేశాడు.

హార్డీకి లాస్ ఏంజెలెస్ నగరంలో, నల్లజాతి జనం ఎక్కువగా ఉండే సౌత్ సెంట్రల్ ప్రాంతంలో సొంత షెడ్డు ఉండేది. ఆ చుట్టుపక్కల బండ్లు నడిపే కుర్రాళ్ళకు ఆయన గురువు. ‘బండ్ల రాజు’ అని పిలిచేవాళ్ళు. బయట ప్రపంచానికి మాత్రం ఆయన ఎవరో తెలియదు. 1994లో చనిపోయాడు.

వాజ్ కథ ఇంకా పెద్దది. ఆయన పౌరహక్కుల ఉద్యమకారుడు. విద్యార్థుల ఉద్యమ సంస్థ ‘స్నిక్’లో ఫొటోగ్రాఫరుగా పనిచేశాడు. 1964లో మేరీల్యాండ్ రాష్ట్రం కేంబ్రిడ్జ్ పట్నంలో ఒక ప్రదర్శన జరిగింది. అక్కడ నేషనల్ గార్డు సైనికులు ఒక మనిషిని పట్టి లాగేస్తున్న ఫొటో ఒకటుంది. ఉద్యమ చరిత్ర పుస్తకాల్లో మీలో చాలామంది దాన్ని చూసే ఉంటారు. ఆ మనిషి వాజ్. ఫొటో తీసింది డానీ లయన్. అదే డానీ లయన్ తర్వాత షికాగో మోటారు సైకిల్ ముఠాలతో తిరిగి, 1968లో ‘ది బైక్‌రైడర్స్’ అనే ఫొటోల పుస్తకం వేశాడు. తెల్ల కుర్రాళ్ళ బండ్ల చరిత్రకు ఆ పుస్తకం ఒక మూలగ్రంథం అయింది. ఆయన కెమెరా ముందే అంతకు నాలుగేళ్ళ క్రితం నిలబడిన నల్ల బండివాడి చరిత్ర రావడానికి ఇంకో నలభై ఏళ్ళు పైనే పట్టింది.

*

ఇప్పుడు బండి సంగతి. ఇది తెలియకపోతే వాళ్ళు చేసిన పని ఎంతటిదో అర్థం కాదు.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికాలో సైన్యం వాడి వదిలేసిన బండ్లు, పోలీసు శాఖలు పాతబడ్డాయని తీసేసిన బండ్లు చవకగా దొరికేవి. హార్లీ డేవిడ్‌సన్ కంపెనీ బండి అంటే బరువైన సరుకు. పెద్ద పెద్ద మడ్‌గార్డులు, పక్క డబ్బాలు, ముందు గాలి అద్దం, పోలీసు బండి అయితే సైరన్. కొత్తది కొనలేని కుర్రాళ్ళు పాతది కొని, ఇంటి వెనక పెరట్లో పెట్టుకుని, అక్కర్లేనివన్నీ ఊడదీసేవాళ్ళు. ముందు మడ్‌గార్డు తీసెయ్యి, వెనకది సగానికి కొయ్యి, డబ్బాలు పీకెయ్యి. బరువు తగ్గితే అదే ఇంజను ఇంకా వేగంగా లాగుతుంది. కోసి చేసిన బండి కాబట్టి తర్వాత దానికి ‘చాపర్’ అన్న పేరు స్థిరపడింది.

ఊడదీయడం ఎవరైనా చేస్తారు. అసలు విద్య చాసిస్‌ను కోయడంలో ఉంది. బండి ముందు భాగంలో కోన్ సెట్టు కూర్చునే గొట్టం ఒకటుంటుంది కదా, హ్యాండిల్ తిరిగేది అందులోనే. ఫోర్కును ఊరికే పొడుగు చేస్తే బండి ముందు భాగం పైకి లేస్తుంది, ఇంజను వాలిపోతుంది. అందుకని ఆ గొట్టం దగ్గర చాసిస్‌ను కోసి, వాలు పెంచి, మళ్ళీ వెల్డింగ్ చెయ్యాలి. ‘కెప్టెన్ అమెరికా’ బండికి ఆ వాలు దాదాపు 45 డిగ్రీలు. అంత వాలు పెడితే తిన్నటి హైవే మీద బండి తాడు కట్టి లాగినట్టు పోతుంది. మెల్లగా మలుపు తిప్పేటప్పుడు మాత్రం హ్యాండిల్ పక్కకు పడిపోతూ ఉంటుంది. ఆ బండికి ముందు బ్రేకు లేదు. వెనక షాకబ్జార్బర్లు కూడా లేవు. ఆ వెల్డింగు అతుకు ఒక్కటి విడిపోతే నడిపేవాడి ప్రాణం పోతుంది. గంటకు వంద కిలోమీటర్ల వేగంలో ఒక మనిషి ప్రాణం ఇంకో మనిషి వేసిన అతుకు మీద ఆధారపడి ఉంటుంది. దీన్ని ‘సాయం చేశారు’ అనే మాటతో సరిపెట్టడం న్యాయమేనా?

ఈ వెల్డింగు విద్య నల్లపేటల్లోకి వచ్చిన దారుల్లో ఒకదాని చరిత్ర విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి. యుద్ధకాలంలో కాలిఫోర్నియా తీరంలో ఓడలు కట్టే యార్డులకు పెద్ద ఎత్తున కార్మికులు కావాల్సి వచ్చింది. టెక్సస్ నుంచి, లూసియానా నుంచి నల్లజాతి కుటుంబాలు పత్తి చేలు వదిలి రైళ్ళెక్కాయి. ఆ ఉద్యోగాలు కూడా ఎవరూ దయతలచి ఇవ్వలేదు. 1941లో కార్మిక నాయకుడు ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ వేలమందితో వాషింగ్టన్ మీదికి వస్తామని హెచ్చరించాకే అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ దిగివచ్చాడు. యుద్ధ పరిశ్రమల్లో రంగు వివక్ష కూడదని 8802 నంబరు ఉత్తర్వు ఇచ్చాడు.

ఉత్తర్వు వచ్చింది, వివక్ష వేషం మార్చింది. ఓడల యార్డుల్లో వెల్డర్ల పని బాయిలర్‌మేకర్స్ యూనియన్ చేతిలో ఉండేది. ఆ యూనియన్ నల్లవాళ్ళ కోసం వేరే ‘అనుబంధ’ యూనియన్లు పెట్టింది. చందా కట్టాలి, అసలు యూనియన్లో సభ్యత్వం ఉండదు, ఓటు ఉండదు. మన ఊళ్ళ టీ హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి లాంటిదే, యూనియన్ ఆఫీసులో. సాసలిటో పట్నంలోని మారిన్‌షిప్ యార్డులో జోసెఫ్ జేమ్స్ అనే నల్ల వెల్డరు దీనికి ఒప్పుకోలేదు. తోటివాళ్ళను కూడగట్టి చందా కట్టడం మానేశాడు. పనిలోంచి తీసేస్తే కోర్టుకెక్కాడు. సభ్యత్వం ఉంటేనే పని అనే యూనియన్ రంగును బట్టి సభ్యత్వం నిరాకరించడానికి వీల్లేదని 1944లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ మరుసటి ఏడాది యుద్ధం ముగిసింది. యార్డులు మూతపడ్డాయి. ఉద్యోగాలు పోయాయి, విద్య మాత్రం చేతుల్లోనే ఉండిపోయింది. పెరట్లో చాసిస్ కోసి అతికే ధైర్యం ఒక తరానికి గాల్లోంచి రాలేదు.

*

బండి చేయగలిగితే సరిపోతుందా? నడిపేవాళ్ళ సంఘంలో చోటుండాలి. అమెరికా మోటారు సైకిల్ సంఘం, అంటే పందేలు నడిపేది, క్లబ్బులకు గుర్తింపు ఇచ్చేది, 1950ల దాకా నల్లవాళ్ళను సభ్యులుగా చేర్చుకోలేదు. కాబట్టి నల్లవాళ్ళు సొంత క్లబ్బులు పెట్టుకున్నారు. ఓక్లాండ్ నగరంలో టోబీ జీన్ లెవింగ్‌స్టన్ 1959లో పెట్టిన ‘ఈస్ట్ బే డ్రాగన్స్’ అలాంటిదే. ఆయన లూసియానాలో పాలుకు పొలం చేసుకునే కుటుంబంలో పుట్టినవాడు. ఆ క్లబ్బు సభ్యులు పగలు ఫ్యాక్టరీ పనులు, రాత్రి సొంత బండ్ల పని. ఒకరి ఇంజను పాడైతే నలుగురు కలిసి ఒకరి గ్యారేజీలో దాన్ని విప్పేవాళ్ళు. 1966లో అదే నగరంలో బ్లాక్ పాంథర్ పార్టీ పుట్టింది. ఆ పాంథర్ల పేరునే 1972లో బొంబాయిలో మనవాళ్ళు ‘దళిత్ పాంథర్స్’గా తీసుకున్నారు. పాంథర్ల గురించి మనం చాలా చదివాం. అదే వీధుల్లో సాయంత్రం పూట వినిపించిన బండ్ల చప్పుడు గురించి చదవలేదు.

ఇప్పుడు లాస్ ఏంజెలెస్‌కు వద్దాం. 1965 ఆగస్టు 11 సాయంత్రం. వాట్స్ పేట దగ్గర హైవే పోలీసు ఒకడు మోటారు సైకిల్ మీద వచ్చి ఒక నల్ల యువకుడి కారు ఆపాడు. మాట మాట పెరిగింది. ఆ కుర్రాడి తల్లిని కూడా అరెస్టు చేశారు. జనం పోగయ్యారు. ఆరు రోజుల పాటు ఆ ప్రాంతం మండిపోయింది. 34 మంది చనిపోయారు. ప్రభుత్వం దాన్ని ‘అల్లర్లు’ అంది. అక్కడి జనం ‘తిరుగుబాటు’ అన్నారు. అది మొదలైంది ఒక పోలీసు మోటారు సైకిల్ దగ్గర అన్నది గుర్తుపెట్టుకోండి.

రెండు మూడేళ్ళకు ఫోండా సినిమా కోసం బండ్లు కావాల్సి వచ్చాయి. వాజ్ అప్పటికి రేడియో విలేకరి. ఫోండాకు పరిచయం. ఆయన వెళ్ళి లాస్ ఏంజెలెస్ పోలీసుల వేలంలో పాత హార్లీలు కొన్నాడు. 1949, 1950, 1952 నాటి ‘హైడ్రా గ్లైడ్’ బండ్లు. ఒక్కోటి సుమారు 500 డాలర్లు. వాటిని తెచ్చి హార్డీ చేతిలో పెట్టారు. సైరన్లు పోయాయి. పోలీసు రంగు పోయింది. పెద్ద ట్యాంకు పోయి చిన్న ట్యాంకు వచ్చింది. చాసిస్ కోసి వాల్చారు. ఫోర్కు సాగింది. వెనక సీటుకు ఆనుకునే పొడవాటి కడ్డీ, చేపతోకలాంటి సైలెన్సర్లు వచ్చాయి. ఫోండాకు రెండు, డెన్నిస్ హాపర్‌కు రెండు, మొత్తం నాలుగు బండ్లు.

ఒక్కసారి ఆలోచించండి. ఏ పోలీసు బండి మీద వచ్చినవాడు తమ పేటవాళ్ళను ఆపి, తనిఖీ చేసి, కొట్టాడో, అదే రకం బండిని అదే ప్రాంతపు నల్ల మెకానిక్కు కొన్నాళ్ళకు ముక్కలుగా కోసి, ప్రపంచమంతా స్వేచ్ఛకు గుర్తుగా చెప్పుకునే వస్తువుగా మార్చాడు. ఇంతకు మించిన రాజకీయ కళాఖండం ఆ దశాబ్దంలో ఏముంది? దాని మీద సంతకం మాత్రం ఇంకొకరిది.

*

షూటింగు మొదటి దశలోనే వాజ్‌ను పనిలోంచి తప్పించారు. 4 లక్షల డాలర్ల లోపు ఖర్చుతో తీసిన సినిమా కోట్ల డాలర్లు వసూలు చేసింది. నాలుగు బండ్లలో మూడింటిని షూటింగు పూర్తికాకముందే దొంగలు ఎత్తుకుపోయారు. నాలుగోది చివరి సన్నివేశంలో దెబ్బతింది. ఆ దెబ్బతిన్న బండినే బాగుచేశామని 2014 వేలంలో చెప్పుకున్నారు.

సినిమా కథ ఏమిటి? ఇద్దరు తెల్ల కుర్రాళ్ళు చాపర్ల మీద దక్షిణ రాష్ట్రాల వైపు వెళతారు. జుట్టు పెంచారని, తమలాగా లేరని అక్కడివాళ్ళు వాళ్ళను కాల్చి చంపుతారు. దక్షిణాదిలో ద్వేషానికి బలైనవాళ్ళుగా చూపించింది ఇద్దరు తెల్లవాళ్ళను! నల్లవాళ్ళకు చెప్పుకోదగ్గ పాత్ర ఒక్కటి లేదు.

నిజంగా చాపర్ మీద దక్షిణాదికి వెళ్ళినవాడు వాజ్. 1960ల్లో ఉద్యమ పనిమీద అలబామా రోడ్ల మీద తన చాపర్ నడిపాడు. భూస్వాముల తుపాకులు ఎప్పుడు పేలతాయో తెలియదు. అయినా ఎందుకు వెళ్ళావంటే, అక్కడి నల్లజాతి జనం కళ్ళకు ఒక స్వేచ్ఛగల నల్ల మనిషి కనబడాలని వెళ్ళానని తర్వాత చెప్పాడు. కరపత్రం అక్కర్లేదు, ఉపన్యాసం అక్కర్లేదు. తన చేత్తో చేసుకున్న బండి మీద నిటారుగా కూర్చుని పత్తి చేల పక్కనుంచి పోవడమే ఉపన్యాసం.

ఇది మనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. 2025 ఫిబ్రవరిలో తమిళనాడు శివగంగ జిల్లాలో ఒక దళిత కాలేజీ విద్యార్థి చేతులు నరికారు. బుల్లెట్ బండి మీద తిరుగుతున్నాడన్న కడుపుమంటతోనే నరికారని అతని కుటుంబం చెప్పింది. హ్యాండిల్ పట్టుకున్న చేతుల్నే నరికారు, గమనించండి. 1991లో చుండూరులో సినిమా హాల్లో కాలు తగిలిందన్న దగ్గర మొదలైన గొడవ ఊచకోత దాకా వెళ్ళింది. గుర్రం ఎక్కిన పెళ్ళికొడుకుల్ని ఉత్తరాది ఊళ్ళలో ఇప్పటికీ కిందకు లాగుతున్నారు. బండి, సీటు, గుర్రం, ఏదైనా సరే, మనం ఎత్తులో కనబడటమే వాళ్ళకు నేరం. అలబామా భూస్వామికీ మన భూస్వామికీ ఈ విషయంలో దుబాసీ అవసరం లేదు.

ఎక్కే హక్కు కోసం మనం పోరాడుతున్నాం, పోరాడాలి. అయితే వాజ్, హార్డీల చరిత్ర రెండో హక్కును మన ముందు పెడుతుంది. చేసినవాడి పేరు చేసినదాని మీద ఉండే హక్కు.

*

కులం శ్రమ విభజన మాత్రమే కాదు, శ్రామికుల విభజన అని 1936లోనే బాబాసాహెబ్ ‘కుల నిర్మూలన’లో తేల్చిచెప్పాడు. ఆ విభజనలో ఇంకో మెలిక ఉంది. ఆలోచన ఒకడిది, కష్టం ఇంకొకడిది అని ముందే గీత గీసిపెడతారు. అందుకే ఫోండా ‘డిజైన్’ చేసినవాడవుతాడు, హార్డీ ‘సాయం’ చేసినవాడవుతాడు. రాయలసీమ బావుల్లో కపిల తోలినప్పుడు నీళ్ళు పైకి తెచ్చింది తోలుబాన. చుక్క కారకుండా తోలును పదునుచేసి, కుట్టి, కడియానికి బిగించింది మాదిగ చేయి. ఎన్ని వేల ఎకరాలు దానిమీద పండాయి! ఆ నీటి లెక్క, తోలు లెక్క తెలిసినవాడిని ఏ శాసనమైనా ఇంజినీరు అందా? మాదిగలను కంచ ఐలయ్య శాస్త్రవేత్తలని రాసినప్పుడు ఎగతాళి చేసినవాళ్ళున్నారు. వాళ్ళెవరూ ఒక్క తోలు ముక్కను ఊనింది లేదు.

పాత సంగతులెందుకు, మీ ఊరి బస్టాండు పక్క మెకానిక్ షెడ్డుకు వెళ్ళండి. మా ఊరి షెడ్డుల్లో నేను చూసిందే చెబుతున్నా. పాత రాజ్‌దూత్‌లు, యెజ్డీలు, బుల్లెట్లు అక్కడ బతికున్నాయంటే కంపెనీల పుణ్యం కాదు. విడిభాగాలు దొరక్కపోతే లేత్ మీద తిప్పించి, ఒక బండి గేరు ఇంకో బండికి సరిచేసి, చప్పుడు విని జబ్బు చెప్పగల మనుషులున్నారు. చాలామంది మనవాళ్ళు, ముస్లిములు, కమ్మరులు, వడ్రంగులు. బోర్డు మీద ఓనరు పేరుంటుంది. ఇంజను కిందకు దూరినవాడు ‘చోటూ’. పదేళ్ళు పనిచేసినా చోటూనే. ఈమధ్య పాత బండ్లను తీర్చిదిద్దడం డబ్బున్నవాళ్ళ సరదా అయింది. లక్షలు పోసి చేయించుకుని, ‘నేనే చేశా’ అని ఫొటోలు పెడుతున్నారు. ఫొటోలో చోటూ ఉండడు. యాభై ఏళ్ళ తర్వాత ఎవరైనా అడిగితే ఏం చెబుతారు? ‘పేట కుర్రాళ్ళు ఐదుగురు సాయం చేశారు’ అనే కదా.

హార్డీ, వాజ్‌ల పేర్లు మళ్ళీ బయటికి ఎలా వచ్చాయో కూడా చెప్పాలి. అవి వాటంతటవే రాలేదు. ఆ పేటలోని పాత బండివాళ్ళు హార్డీ పేరు మరిచిపోకుండా నోటిమాటగా నిలుపుకున్నారు. వాజ్ అమెరికా వదిలి ఏళ్ళ తరబడి పడవ మీద బతికాడు. పాల్ డార్లియాన్స్ అనే బండ్ల చరిత్రకారుడు ఆయన్ను వెతికి పట్టుకుని, అడిగి, రాసుకుని 2014లో పుస్తకంలోకి ఎక్కించాడు. అప్పటికి వాజ్ వయసు డెబ్భై దాటింది. 2016లో ఆయన చనిపోయాడు. ఇంకో రెండేళ్ళు ఆలస్యమైతే ఆ నోటి సాక్ష్యం మనకు ఉండేది కాదు. ఆ మాటల్లో కొన్నిటిని సినిమావాళ్ళు ఒప్పుకోలేదు కూడా. ఒప్పుకోకపోతే పోనీ, ఇప్పుడు వాదించుకోవడానికైనా రెండో వైపు మాట రికార్డులో ఉంది.

అందుకే విద్యార్థి మిత్రులకు ఒక పని చెబుతున్నా. చరిత్ర, సోషియాలజీ చదివేవాళ్ళు ప్రాజెక్టుకు అంశం ఏం తీసుకోవాలని నన్ను అడుగుతుంటారు. మీ ఊరి షెడ్డుకు వెళ్ళండి. చోటూ అసలు పేరు అడగండి. ఏ ఊరు, ఏ పేట, ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, ఆ నేర్పినవాడు ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, ఏ బండికి ఏం మార్చాడు, ఆ ఆలోచన ఎలా తట్టింది, అన్నీ అడగండి. ఫోనులో రికార్డు చెయ్యండి, తేదీ వేసి రాయండి. చేతులు ఫొటో తియ్యండి, ముఖం కూడా తియ్యండి. ఆయన ఒప్పుకుంటేనే పేరుతో వేయండి. వయసు మళ్ళినవాళ్ళతో మొదలుపెట్టండి, మనకు టైమ్ తక్కువ ఉంది.

పంపినవాటిని ఈ వరుసలోనే ఒక్కొక్కటిగా వేస్తాను, రాసినవాళ్ళ పేరుతో, చేసినవాళ్ళ పేరుతో. వచ్చే వారం డప్పు మూతకట్టే చేతుల గురించి.

జై భీమ్.